కీ ఇచ్చే రెండు నిమిషాలు

ఆ ఉదయం బడి ప్రార్థనలో మూడో వరుసలో నిలబడిన ఒక పిల్ల సాక్సులు రెండూ ఒక జత కావు. ఒకటి తెలుపు, ఒకటి వెన్న రంగు. సిస్టర్ కంట పడకూడదని ఆ పిల్ల ఒక కాలి వెనక ఇంకో కాలు దాచుకుంటోంది. నేను దాన్నే చూస్తున్నాను. భుజానికున్న సంచిలో ఫోను ఒకసారి కదిలింది. ఏడు దాటి ఒక నిమిషం. మావయ్య వాచీకి కీ ఇస్తున్నారు అనుకున్నాను. మనసు నిదానించింది.

ప్రార్థన అయ్యాక లైబ్రరీ తాళం తీసి, సంచి అలమరలో పెట్టి, కొత్తగా వచ్చిన పుస్తకాలకి నంబర్లు వేస్తూ కూర్చున్నాను. ఎనిమిదిన్నరకి ఫోను తీసి చూస్తే అమ్మ నాలుగుసార్లు చేసి ఉంది. తిరిగి చేస్తే, "మావయ్య లేడే," అంది. ఎక్కడికి వెళ్ళారని అడిగాను. ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మావయ్య మా అమ్మకి పెద్దన్నయ్య. ఒడిశా బరంపురంలో, పెద్దబజారు సందులో, ఆయనకి వాచీలు బాగుచేసే కొట్టు ఉండేది. ఒక గాజు బల్ల, ఒక దీపం, ఒక ఎత్తు కుర్చీ, గోడకి వేర్వేరు టైములు చూపించే గడియారాలు ఏడో ఎనిమిదో. ఇద్దరు గిరాకీలు వస్తే రెండోవాళ్ళు సందులో నిలబడాలి. ఇది చదువుతున్న మీలో కొందరి చేతి మీదో, మీ నాన్నగారి పెట్టెలోనో ఆయన బాగుచేసిన వాచీ ఉండే ఉంటుంది. వెనక మూత తీస్తే లోపల సూదితో గీసిన చిన్న చుక్క కనిపిస్తుంది. అది ఆయన గుర్తు. పేరు రాసేవారు కాదు.

కాన్వెంటులో లైబ్రరీ కట్టేసి వచ్చేటప్పుడు నేను ఆ కొట్లోనే ఆగేదాన్ని. ఇంట్లో చుట్టాలు వస్తే మాట్లాడాలి. అక్కడ ఆ అవసరం ఉండేది కాదు. ఆయన కంటికి అద్దం తగిలించుకుని పని చేసుకునేవారు, నేను బల్ల పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. గంటకి ఒక మాట.

"కోడలా, ఇది ఇను," అని ఏదో వాచీ నా చెవి దగ్గర పెట్టేవారు. "ఏటంతంది?"

"టిక్ టిక్ అంటోంది మావయ్యా."

"అది అందరికీ తెల్సు. కుంటుతందా, నడుస్తందా? సరిగ్గా ఇను."

నాకు తేడా తెలియడానికి మూడేళ్ళు పట్టింది. తెలిసిన రోజు ఆయన కంటద్దం తీసి, మొదటిసారి చూస్తున్నట్టు నన్ను చూశారు. ఆ సాయంత్రం ఇద్దరం వడలు తిన్నాం.

ఆయనకి రెండు నియమాలు ఉండేవి. బాగుచేసిన ఏ వాచీనీ వెంటనే ఇచ్చేవారు కాదు. మూడు రోజులు తన కుడిచేతికి కట్టుకుని తిరిగేవారు. "బల్ల మీద అన్నీ బానే నడుస్తాయి. మనిసి సేతి మీద నడవాల," అనేవారు. పెళ్ళికని తొందరపడే గిరాకీలు తిట్టుకునేవారు. ఆయన వినిపించుకునేవారు కాదు. ఎడమచేతికి ఎప్పుడూ ఆయన సొంత వాచీ ఉండేది. దాన్ని మూడు చచ్చిన వాచీల్లోంచి ఆయనే కూర్చుకున్నారు. రోజుకి అర నిమిషం వెనకబడేది. మరి దాన్ని బాగుచేసుకోరేం అంటే, "దాని సంగతి నాకు తెల్సు. నా సంగతి దానికి తెల్సు. ఇంకేటి బాగుసెయ్యడం?" అనేవారు.

రెండో నియమం, చేతికి ఉండగా వాచీకి కీ ఇవ్వకూడదు. అలా ఇస్తే లోపలి కాడ ఒక పక్కకి ఒత్తుకుని, కొన్నాళ్ళకి వంగిపోతుందట. ఆయన దగ్గరికి వచ్చే వాచీల్లో సగం అలా పాడైనవే. అందుకని రోజూ పొద్దున్న ఏడింటికి ఊరి చివర అంకులిలో వాళ్ళింటి అరుగు మీద కూర్చుని, వాచీ ఊడదీసి, నిదానంగా కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు వినేవారు. తర్వాత ఒళ్ళో పెట్టుకుని ఇంకాసేపు ఉండేవారు. అప్పుడు ఎవరు పలకరించినా పలికేవారు కాదు. మా అత్తయ్య దాన్ని ఆయన సంధ్యావందనం అనేది.

పోయిన ఏడాది చలికాలంలో ఆయనకి కొట్లోనే గుండెనొప్పి వచ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. వాళ్ళకి పిల్లలు లేరు. మందుల చీటీ, డాక్టరు చెప్పినవీ నేనే రాసుకున్నాను. నా జీతంలోంచి ఒక స్మార్ట్ వాచీ కొన్నాను. నాడి తేడాగా కొట్టుకుంటే అది నా ఫోనుకి కబురు చేస్తుంది. ఆ ముక్క ఆయనకి రెండుసార్లు చెప్పాను. తలూపారు.

వాచీ ఇచ్చిన నాలుగో రోజు సాయంత్రం కొట్టుకి వెళ్తే, దాన్ని తెల్ల కాగితంలో చుట్టి, పైన నా పేరు రాసి నా చేతిలో పెట్టారు.

"బావుందే. మూడ్రోజులు కట్టాను. ఒక్క సెకను తేడా నేదు. అట్టుకెల్లు."

"మావయ్యా, అది రిపేరుకి ఇవ్వలేదు. మీకు కొన్నాను."

"నాకా? నాకు వాచీ ఉంది కదే!"

అత్తయ్య ఆ వేళ అక్కడే ఉంది. "ఊళ్ళో వాచీలన్నీ కట్టుకుంటావు. పిల్ల కొన్నది కట్టుకోడానికేటి నీకు నొప్పి?" అంది.

"సెయ్యేదే? ఎడం సేతికి నాది, కుడి సేతికి గిరాకీలది. మూడో సెయ్యి నువ్విస్తావేటి?"

నవ్వాం కానీ, అది నిజంగానే చిక్కు. రెండు రోజులు ఆలోచించి ఆయనే ఒక దారి చెప్పారు. "పోనీ కోడలా, గిరాకీల వాచీలు మేకుకి తగిలిస్తాను. కుడి సెయ్యి నీ వాచీకి ఇచ్చెస్తాను." నలభై ఏళ్ళ అలవాటు నా కోసం మానుకుంటానని ఆయన అంత తేలిగ్గా అన్నారు. నేను వద్దన్నాను. నేను అప్పటికే ఒక బొమ్మ చూసి పెట్టుకున్నాను. ఒకే పట్టా మీద పైన ముళ్ళ వాచీ, మణికట్టు కింది వైపు స్మార్ట్ వాచీ. ఎవరి అలవాటూ పోనక్కర్లేదు. ఫోనులో ఆ బొమ్మ చూపించాను. కంటద్దం పెట్టుకుని మరీ చూశారు.

"ఒకే బెల్టంటే, నేను కీ ఇచ్చినప్పుడల్లా రెండూ ఊడొస్తాయి కదే."

"రెండు నిమిషాలే కదా మావయ్యా."

తోలు ముక్క తీసి కొలతలు వెయ్యడం మొదలుపెట్టారు.

మొదటి పట్టాలో బకిలు సరిగ్గా నరం మీదికి వచ్చింది. రెండోదాంట్లో కింది వాచీ బరువుకి పైది పక్కకి తిరిగిపోయింది. మూడోది కుదిరింది. తోలు ఆయనే కోశారు, కన్నాలు ఆయనే వేశారు, కుట్టు మాత్రం బజారు చివర చెప్పులు కుట్టేవాడి చేత దగ్గరుండి వేయించారు. చేతికి కట్టుకుని, మణికట్టు ఇటూ అటూ తిప్పి చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. ఆయన ముఖంలో చిన్నపిల్లలు కొత్త బూట్లు చూసుకున్నప్పటి గర్వం. అంతకు ముందు ఆయనలో దాన్ని నేనెప్పుడూ చూడలేదు.

అది బజారులో నవ్వులాట అయింది. మార్కండి నుంచి చేపలు తెచ్చే ఒకామె తన కొడుకు వాచీ కోసం వచ్చి, "రెండేటి బాబూ? ఒకటి ఒడియా టైమా, ఒకటి తెలుగు టైమా?" అని అడిగింది.

"పైది నాది. కిందది మా కోడలిది," అన్నారు మావయ్య.

"మరి రెండూ ఒక్క టైమే సెప్తాయా?"

"నాది అర నిమిసం ఎనక. కోడలు ముందుంటాది."

నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. కానీ ఆ మాట ఇంటికి వెళ్ళేదాకా నాతోనే ఉంది.

వాచీ చేతికి లేనప్పుడు నాకు తెలిసేలా ఫోనులో పెట్టుకున్నాను. ఆయన ఎక్కడైనా తీసి మరిచిపోతే గుర్తు చెయ్యొచ్చని. మరిచిపోలేదు. రోజూ ఏడింటికి ఫోను కదిలేది. మొదటి రోజుల్లో భయపడి చూసేదాన్ని. తర్వాత అలవాటైంది. ఇంకొన్నాళ్ళకి అది నాకు ఒక పలకరింపులా అయిపోయింది. 'వాచీ చేతికి లేదు' అని ఫోను చెప్పేది. మావయ్య లేచారు, అరుగు మీద కూర్చున్నారు, కీ ఇస్తున్నారు, బాగున్నారు అని నేను చదువుకునేదాన్ని. పుస్తకాల మధ్య బతికేదాన్ని కదా, రాసి ఉన్నదాన్ని కాక నాకు కావలసినదాన్ని చదువుకోవడం నాకు బాగా వచ్చు.

ఆ రోజు కూడా ఏడింటికి ఆయన అరుగు మీద కూర్చున్నారు. పట్టా ఊడదీశారు. కీ పూర్తిగా ఇచ్చారు. ఆ తర్వాత వాచీలు రెండూ చేతికి ఎక్కలేదు. నాడి తప్పితే కబురు చెయ్యవలసిన వాచీ ఆయన ఒళ్ళో ఉంది. ఏ చేతినీ తాకకుండా, ఏ నాడీ లేకుండా, ఊరికే టైము చూపిస్తూ.

అత్తయ్య వంటింట్లోంచి రెండుసార్లు తొంగి చూసిందట. కళ్ళు మూసుకుని ఉన్నారు, ఒళ్ళో వాచీ ఉంది. టీ చల్లారిపోతుందని ఏడూ నలభైకి దగ్గరికి వెళ్ళింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎవరినీ తప్పు పట్టలేదు. "అరగంట ముందు తెచ్చుంటే ప్రయత్నం చేసేవాళ్ళం," అని ఒడియాలో అన్నారు. బతికేవారని చెప్పలేదు, బతకరనీ చెప్పలేదు. ఆ అరగంట పట్టుకుని నేను చాలా దూరం నడిచాను. కుడిచెయ్యి ఇస్తానన్నారు. తీసుకుని ఉంటే నా వాచీ ఆ చేతికే ఉండేది.

ఆయన కీ ఇచ్చిన వాచీ ఆ రోజంతా నడిచింది. శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు కూడా కిటికీలో నడుస్తూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం ఆగింది. దాని కింద ఉన్న నాది ఇంకో రోజు వెలిగింది. ఎవరి చెయ్యి తగిలినా అద్దం వెలిగి, చేతికి కట్టుకోమని అడిగేది. అత్తయ్య దాని మీద తువ్వాలు కప్పింది.

పన్నెండో రోజు అయ్యాక ఆవిడ నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఇంటన్నాడనుకున్నానే," అంది. "ఎప్పుడూ ఇనేవోడే కదా. ఇంటన్నాడు, కదపకూడదనుకున్నాను."

"నేనూ కీ ఇస్తున్నారనే అనుకున్నాను అత్తా."

"అయితే మరేటి. నువ్వూ నేనూ ఒకలాటోల్లమే. ఏడవకు." కొంగుతో నా ముఖం తుడిచి, పట్టా నా చేతిలో పెట్టింది. "ఇది నువ్వుంచుకో. దానికి కీ ఇవ్వడం నాకు సేతకాదు. ఆగిపోతే ఆయన ఒప్పుకోడు."

ఆవిడ మాట నాకు ఊరట కావలసింది. కాలేదు. మేమిద్దరం ఒకలాంటివాళ్ళం కాదు. ఆవిడ తొంగి చూసింది, రెండుసార్లు చూసింది. ఎందుకు కాదో ఆవిడకి చెప్పలేకపోయాను. ఎవరి ఎదురుగానూ మాట పెగలని మనిషిని, ఇలా రాయడం కాస్త తేలిక.

ఇప్పుడు ఆ పట్టా నా చేతికి ఉంటోంది. నా చెయ్యి సన్నం, ఆయన వేసిన కన్నాల తర్వాత ఇంకో రెండు వేయించాను. వేసవి సెలవులు కనక ఏడింటికి ఇంట్లోనే ఉంటున్నాను. మెట్ల మీద కూర్చుని, రెండు వాచీలూ ఊడదీసి, పాతదానికి కీ ఇస్తాను. చెవి దగ్గర పెట్టుకుని వింటాను. కుంటడం లేదు, నడుస్తోంది. పక్కన ఫోను కదులుతుంది, వాచీ చేతికి లేదని చెప్తుంది. మళ్ళీ కట్టుకుంటాను. ఫోను ఏమీ చెప్పదు.

తిరిగి కట్టుకున్నప్పుడు కూడా అది కదలాలి. మొదట్లో కదిలేది, రోజూ రెండుసార్లు. ఎండలు ముదిరి పొద్దుటి బడి మొదలైన వారంలో, ప్రార్థన మధ్యలో నా సంచి రెండోసారి చప్పుడు చేసినప్పుడు ఒక సిస్టర్ తల తిప్పి నా వైపు చూశారు. ఆ సాయంత్రం ఆ రెండో కబురు రాకుండా ఫోనులో నేనే ఆపేశాను.