గుల్ల కప్పు కింద నా మొదటి డైలాగు

ఆ రోజుల్లో టీవీలో నా ముఖం కంటే నా వీపే ఎక్కువ కనిపించేది. హైదరాబాదు వచ్చి సీరియళ్లలో చేరి ఏడాది దాటినా నాకు దొరికినవన్నీ పెళ్లి పందిట్లో అటు తిరిగి నిలబడే వేషాలు, దవాఖాన వరండాలో స్ట్రెచర్ తోసే వేషాలు, కోర్టులో వెనక బెంచీ మీద కూర్చునే వేషాలు. (ఒకే వారంలో మూడు సీరియళ్లలో మూడు పెళ్లిళ్లకు వెళ్లాను. ఒక్కచోటా నాకు విస్తరి వేయలేదు.) అయినా నా ధైర్యానికి మాత్రం లోటు లేదు. వీపుకే ఇంత నటన వస్తుంటే ముఖానికి ఎంత రావాలి అని అద్దం ముందు నిలబడి నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి. గోదావరిఖనిలో మా అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం) సీరియల్ వేళకు ఇరుగుపొరుగును పిలిచి, "అగో, గా నీలం అంగీ మనోడే. చెవి సూడుండ్రి, అచ్చం వాళ్ల తాత చెవే" అని చూపించేది. వాళ్లు మర్యాదకు "మంచిగ నిలవడ్డడు" అని లేచిపోయేవాళ్లు.

బాపు మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఆయనది బొగ్గుబాయిలో సపోర్టు పని, అంటే గనిలో బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం. నేను హైదరాబాదు పోతానన్న రోజు, "వద్దురా, అది నిలిచే పని గాదు" అని ఒక్కసారి చెప్పాడు. నేను వినలేదు. రెండోసారి చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే, "ఇయ్యాల మస్టర్ పడ్డదా?" అని. బాయిలో ఆ రోజు హాజరు పడితే మస్టర్ పడ్డదంటారు. కోర్టు బెంచీ మీద ఊరికే కూర్చున్నా మస్టర్ పడుతుందని ఆయనను నమ్మించడానికి నాకు చాలాకాలం పట్టింది.

మా సీరియల్ డైరెక్టర్‌ను మేమంతా చాటున టోపీ సార్ అనేవాళ్లం. ఎండలో టోపీ తీసి చేత్తో పట్టుకుని, నీడలోకి రాగానే నెత్తిన పెట్టుకునే మనిషి. ఒకరోజు ఆయన మా గుంపు ముందుకొచ్చి కథ చెప్పాడు. ఇంజనీరైన హీరో బొగ్గుబాయిలోకి దిగుతాడు, కప్పు కూలుతుంది, హీరో కనిపించకుండా పోతాడు, హీరోయిన్ మూడు వారాలు ఏడుస్తుంది. చెప్పడం అయ్యాక, "మీలో బొగ్గుబాయి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఆయన మాట పూర్తికాకముందే నా చెయ్యి లేచింది. "చూడటమేంటి సార్, రెండేళ్లు దిగి పనిచేశాను" అన్నాను. నిజానికి బాపు మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని బాయి గేటు దాకా వెళ్లడమే నా అనుభవమంతా. నేను బతుకులో దిగిన పెద్ద లోతు మా క్వార్టర్ వెనకున్న నీళ్ల సంపు, అదీ కడగడానికి. కానీ గోదావరిఖనిలో పుట్టాక బాయి గురించి తెలియకపోవడమేమిటని నా ధీమా. టోపీ సార్ నన్ను కిందికీ పైకీ చూసి, హీరోను వెంటబెట్టుకుని పోయే కార్మికుడి వేషం నాకిచ్చాడు. కర్రతో కప్పును కొట్టి చూసి, "కప్పు గట్టిగా ఉంది సార్, పదండి" అనాలి. ఐదు మాటలు. ఏడాదిన్నరగా నోరు విప్పనివాడికి అవి ఐదు పేజీలు. ఇది సరిగ్గా చెబితే నాకు ముఖం వస్తుంది, చెడగొడితే మళ్లీ వీపే. ఆ సంగతి ఆయనే స్వయంగా చెప్పాడు కూడా.

షూటింగ్‌కు ఇంకా నాలుగు రోజులున్నాయి కాబట్టి బస్సెక్కి ఇంటికి పరుగెత్తాను. విషయం వినగానే బాపు ముఖంలో నేనెన్నడూ చూడని వెలుగు కనిపించింది. ఆయన పని నేర్పమని నేను అడగడం అదే మొదటిసారి. వెంటనే కొసకు ఇనుప పొన్నున్న కర్ర ఒకటి తెచ్చి, నన్ను స్టూలు ఎక్కించి, మా క్వార్టర్ స్లాబు మీదనే పాఠం మొదలుపెట్టాడు. "ఒక చేత్తోని కొట్టాలె, ఇంకో అరచెయ్యి కప్పుకు ఆనిచ్చి పెట్టాలె. ఖంగుమన్నదా, మంచిది. డొల్లగ మోగి అరచేతికి జుమ్మన్నదా, గుల్ల. గుల్లయితే మల్ల మాట లేదు, అందరిని ఎనుకకు గుంజాలె." గుల్ల చప్పుడు ఎట్లుంటుందో వినిపించడానికి చెమ్మ పట్టి గచ్చు లేచిన గోడ దగ్గరికి తీసుకుపోయి కొట్టించాడు. స్లాబు, గోడ, స్లాబు, గోడ, ఇట్లా పొద్దంతా కొడుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి మా పై క్వార్టర్‌లో ఉండే కాక (చిన్నాయన వరస) కళ్లు నులుముకుంటూ కిందికి దిగివచ్చాడు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్నాడట పాపం.

"ఏందన్నా గీ చప్పుడు, ఇల్లు కూలగొడ్తున్నరా?"

"లేదు తమ్మీ. పిల్లగానికి కప్పు సూసుడు నేర్పుతున్న. టీవీల వీడే సూస్తడట."

కాక నిద్ర ఎగిరిపోయింది. ఆయన కూడా స్టూలు పక్కన నిలబడి "మోచెయ్యి వంచకు" అని నేర్పడం మొదలుపెట్టాడు. సాయంత్రానికల్లా కాలనీ మొత్తానికి ఫలానావాళ్ల కొడుకు టీవీలో కప్పు చూస్తున్నాడని తెలిసిపోయింది. ఇంతకూ చూసి ఏమనాలని బాపు అడిగితే, "గట్టిగ ఉన్నది సార్, పదండ్రి అనాలె" అన్నాను. "మంచి మాటనే" అన్నాడాయన తృప్తిగా. ఆ వెంటనే కప్పు కూలి హీరో దాని కింద పడతాడన్న సంగతి మాత్రం నేను చెప్పలేదు. నాకు తెలిసిన బాపుకు ఆ మాట చెప్పగల నటుడు అప్పటికింకా నాలో తయారు కాలేదు. అది దాచిన పాపానికి, "ఒకరోజు లీవు పెడ్త, నేను గూడ వస్త" అన్నాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

సెట్టు ఒక పెద్ద రేకుల షెడ్డులో వేశారు. థర్మాకోల్ పలకలకు నల్లరంగు పూసి, మధ్యమధ్య మెరుపు చల్లి, దూరం నుంచి చూస్తే నిజం బాయిలాగే చేశారు. (నిజం బాయి నేను చూడలేదు కాబట్టి నాకు అంతకంటే బాగుందనిపించింది.) బాపును కెమెరా వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పిల్లవాడి పరీక్షకు వచ్చినట్టు కూర్చున్నాడు. నేను నెత్తిన టోపీ, దానికి లైటు, చేతిలో మా ఇంటి కర్రతో హీరో ముందు నడిచి, అరచెయ్యి ఆనించి, కప్పును కొట్టాను. థర్మాకోల్ ఏమని మోగుతుంది? డొల్లగా మోగింది. అరచేతికి జుమ్మంది. మూడు రోజులు స్టూలెక్కి కొట్టిన చేతికి కెమెరా సంగతి తెలియదు. "కప్పు..." అన్నాను, తర్వాతి మాట రాలేదు.

కట్ అన్నారు. రెండోసారి ఇంకోచోట కొట్టాను. అక్కడా గుల్లే. ఓరకంట చూస్తే బాపు కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ఆయన్ను అట్లా చూశాక "గట్టిగా" అనలేక కర్ర దించేశాను. టోపీ సార్ టోపీ తీసి మళ్లీ పెట్టుకుని, "ఐదు మాటలయ్యా బాబూ" అన్నాడు. మూడోసారి ఏమైతే అదయిందని కళ్లు మూసుకుని కొట్టాను. చప్పుడు వినపడింది, అంతే, నా నోట్లోంచి "గుల్లున్నది సార్, ఎనుకకు రాండ్రి" అని వచ్చింది. మాటతో ఆగినా బాగుండేది. నా చెయ్యి పోయి హీరో కాలర్ పట్టుకుని నాలుగడుగులు వెనక్కి గుంజింది. ఆయన విగ్గు జారి చెవి మీదికి వచ్చింది. పైనుంచి థర్మాకోల్ బండలు వదలడానికి తాళ్లు పట్టుకున్న ఇద్దరు, ఎందుకైనా మంచిదని వాళ్లూ దిగి బయటికి వచ్చేశారు.

టోపీ సార్ నన్ను వదిలేసి నేరుగా బాపు దగ్గరికి నడిచాడు. "పెద్దాయనా, మీ అబ్బాయి రెండేళ్లు బాయిలో పనిచేశానని చెప్పి ఈ వేషం తీసుకున్నాడు. నిజం చెప్పండి, అసలు ఎప్పుడైనా దిగాడా?" అని అడిగాడు.

బాపు ముప్పై ఏళ్ల సర్వీసులో గుల్ల కప్పును ఒక్కనాడూ గట్టిదని చెప్పి ఎరుగడు. పైవాళ్లు తొందరపెట్టినా, షిఫ్టు పోతుందని తోటివాళ్లు బతిమాలినా చెప్పలేదని కాలనీలో అందరూ అంటారు. అలాంటి మనిషి నా కోసం అబద్ధమాడతాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఆయన నా వైపు తిరిగి, మా స్లాబును చూసినట్టే కొంచెం సేపు తలెత్తి నన్ను చూశాడు. ఏం చప్పుడు విన్నాడో ఏమో.

"దిగిండు సారు" అన్నాడు. "నా ఎంబడే దిగిండు. దిగినోడు గనుకనే గా మాట నోట్లకెళ్లి రాలే. గా కప్పు గుల్లున్నది, నాకు గీడ కూసున్నా ఇనవడ్డది. బాయి సూడనోన్ని పెట్టుకోండ్రి, గడగడ చెప్తడు."

"అయ్యా, అది థర్మాకోల్. మీవాడు ఆ మాట అన్నాక మేమే కూలుస్తాం."

"దేనిదైతేంది సారు, గుల్ల గుల్లనే. ఇంతకు కప్పు మంచిగుంటే మల్ల ఎందుకు కూలుతది?"

టోపీ సార్ బండలు వదిలే తాళ్ల వైపు ఒకసారి చూసి, "అయితే మీవాడు ఏమనాలంటారు?" అన్నాడు, కోపం తగ్గిన గొంతుతో. బాపు అసలు ఆలోచించలేదు. "వద్దనాలె. వద్దన్నంక గూడ గా సారు ఇనకుంట పోవాలె. చెప్తే ఇనకుంట ఉరికెటోళ్లు బాయిల ఉంటరు, ఇంట్ల గూడ ఉంటరు" అంటూ నా వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, కానీ నా కళ్లు మండాయి. టోపీ సార్‌కు ఆ మాట ఎక్కడో తగిలింది. అక్కడికక్కడే కాగితం తెప్పించి రాశాడు. నేను వద్దంటాను, హీరో నా చెయ్యి విదిలించుకుని పోతాడు, కప్పు కూలుతుంది, నేను కేక వేస్తాను. ఐదు మాటల వేషానికి రెండు పేజీలొచ్చాయి. నాలుగో టేక్‌లో నేను "వద్దు సార్" అన్నది నిజంగానే అన్నాను. అంత నిజంగా ఆ తర్వాత ఎన్నడూ అనలేకపోయాను.

సాయంత్రం బాపును బస్టాండుకు తీసుకెళ్లాను. దారిలో నేనే ఉండబట్టలేక, "బాపూ, నేను బాయిల దిగలే గద. దిగిండని ఎందుకు చెప్పినవు?" అని అడిగాను.

"నీ మాట గుల్లనే అని నాకు తెల్వదా" అన్నాడు. "దుంగ ఒకటి నిలవెట్టిన, గంతే. ఇగ కూలకుంట నువ్వే సూసుకోవాలె." బస్సు మెట్టెక్కి మళ్లీ వెనక్కి తిరిగి, "ఇయ్యాల మస్టర్ పడ్డట్టేనా?" అన్నాడు.

ఆ భాగం టీవీలో వచ్చిన మరునాడు బాయికి పోయే బస్సులో అందరూ బాపు చుట్టూ చేరారట. నా నటన గురించి ఒక్కరూ మాట్లాడలేదు. "నీ కొడుకు మంచిగనే చెప్పిండన్నా, గా ఇంజనీరే ఇనలే" అని ఇంజనీరును తిట్టుకుంటూ బాయి దాకా పోయారట. పై క్వార్టర్ కాక మాత్రం మోచెయ్యి కొంచెం వంగిందని ఫోన్ చేసి మరీ చెప్పాడు. కూలిన కప్పుకు సాక్షిని నేనొక్కణ్ణే కాబట్టి మూడు వారాల ఏడుపులో హీరోయిన్ నా దగ్గరికి వచ్చి ఏడవాల్సి వచ్చింది. అలా నా ముఖం టీవీలో నిలబడింది, ఒక సీరియల్ నుంచి ఇంకోదానికి నడిచింది, నాకు తెలియకుండానే వయసు మీద పడింది.

ఇప్పుడు నాకు తండ్రి వేషాలే ఇస్తున్నారు. ఈ మధ్య ఒక సీరియల్లో పట్నం పోతానన్న కొడుకును వద్దని పేజీన్నర డైలాగుతో ఆపాలి. బాగా చేశానన్నారు. బాపు ఒక్క మాటలో ముగించిన పనికి నాకు పేజీన్నర కావలసివచ్చిందని వాళ్లకు చెప్పలేదు. ఆయన రిటైరై కాలనీలోనే ఉంటున్నాడు, ఫోన్‌లో అడిగేది ఇప్పటికీ మస్టర్ సంగతే. కొత్త సెట్టులో అడుగు పెట్టగానే నేను వేళ్ల కణుపులతో పైన ఒకసారి కొట్టి చూస్తాను. కుర్ర నటులు అదేదో నా సెంటిమెంటు అనుకుని వాళ్లూ కొడుతుంటారు. ఇన్నేళ్లలో ఒక్క సెట్టు కూడా ఖంగుమనలేదు. గుల్లనే అని నాకు తెలుసు. నాలో నేను నవ్వుకుని, దుంగ ఉంది కదా అని వెళ్లి దాని కిందే నిలబడతాను.