విరగని ఆర్ములు

కమాన్ల మేస్త్రి చెయ్యి పడిన బస్సు అదే జబ్బుతో మళ్లీ గ్యారేజీ గుమ్మం తొక్కేది కాదు. బస్సు అడుగున కుదుపు మోసే కమాను కట్టలు బిగించడంలోనే ముప్పయ్యేళ్లు గడిపిన మనిషి. విరిగిన వస్తువు కనిపిస్తే చాలు, ఒళ్లు మండేది.

అలాంటి మనిషి ఇంట్లోనే బిస్కెట్ల డబ్బా నిండా విరిగిన ముక్కలు! ఆయన భార్య నర్సుగా రిటైరైంది. వేళ్లు బిగుసుకుపోతున్నాయి, వాటికేదైనా పని చెప్పమని డాక్టరంటే, కుట్లూ అల్లికలూ కాదని రిమోటు కార్ల పందేలు పట్టుకుంది. కారు దేనికైనా తగిలిందంటే చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్ము పుటుక్కున విరిగేది. ప్లాస్టిక్‌ది మరి. అయిదు నిమిషాల్లో కొత్తది బిగించి, పాతది డబ్బాలో వేసేది.

"ఇదేం నాసిరకం సరుకే! నా చేతికిందొకటి ఇలా విరిగుంటే ఉద్యోగం ఊడేది."

"మీ బస్సు వేరు, నా కారు వేరు. మీరు వేలు పెట్టకండి."

ఆరేళ్లకు మొదటిసారి ఆవిడ ఫైనలుకు చేరింది. ఇక ఆయన వేలు పెట్టకుండా ఉంటాడా? ఆవిడ చెల్లెలింటికి వెళ్లిన పూట నాలుగు ఆర్ములూ ఊడదీసి అల్యూమినియంవి బిగించాడు. కంటపడకుండా నల్లరంగు కూడా పూశాడు.

"కారు కాస్త బరువెక్కిందేమిటండీ?" అంది పందెం రోజున. మేస్త్రి ఆకాశం వైపు చూశాడు.

రెండో చుట్టులో కారు మలుపు దగ్గర చెక్కదిమ్మను కొట్టుకుంది. మామూలు దెబ్బే. మేస్త్రి అందరికన్నా ముందు పరుగెత్తి వంగి చూశాడు. ఆర్ము చెక్కుచెదరలేదు.

"చూశావా! పిసరంత కూడా వంగలేదు!" అని అరుస్తూ కారు పైకెత్తాడు.

సగమే లేచింది. మిగతా సగం వైర్లకు వేలాడింది.

కారు మొత్తాన్నీ మోసే ఛాసీ నడిమికి రెండైపోయింది. తన చెయ్యి పడిన బండి! మేస్త్రి అక్కడే కూలబడ్డాడు. ఆవిడ వచ్చి గోటితో నల్లరంగు గీకింది.

"ఎవరు మార్చారండీ?"

"నేనే."

"ఆ ఆర్ము ఉన్నదే విరగడానికి. దెబ్బ అది తింటే కారు బతుకుతుంది. మీరు దాన్ని విరగనివ్వకపోతే దెబ్బ ఎక్కడికి పోవాలి?"

తిట్టి ఉంటే బాగుండేది. గెలిచిన వాళ్ల కోసం ఆవిడ బిగుసుకుపోయిన చేతులతోనే చప్పట్లు కొడుతుంటే మేస్త్రి తల ఎత్తలేకపోయాడు.

ఆ మోడల్ ఛాసీ ఇప్పుడెక్కడా దొరకదు. మూడు వారాలు కూర్చుని ఫైబరు పలక కోసి తానే చేశాడు. ఆర్ముల జోలికి మాత్రం పోలేదు. ప్లాస్టిక్‌వి ఆవిడే బిగించింది.

పందేల మైదానంలో తొలిరోజే కారు వెళ్లి గోడకు తగిలింది. పుటుక్కుమంది. మేస్త్రి గబగబా తిరగేసి, ఛాసీని ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు.

"విరిగిందే! ఆర్మే విరిగిందే!" అని ముసలాయన నలుగురిలోనూ గంతులేశాడు.

ఆవిడ సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి, మూత తెరిచి ఆయన ముందుకు చాపింది.