మూత మీది చిన్న మర

బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక మా బాబాయి, వాళ్ల నాన్న పడవకుండే పాత మోటారును వసారాలో పెట్టుకుని బాగుచేయడం మొదలుపెట్టారు. తుప్పు గీకి, కార్బ్యురేటర్ కడిగి, ప్లగ్గు మార్చారు. అయినా నీళ్ల డ్రమ్ములో దించి తాడు లాగితే, మోటారు కాసేపు తిరిగి ఆగిపోయేది. ఆదివారానికి నడవకపోతే పాత ఇనుముకి వేసేస్తానని పిన్నికి మాటిచ్చారు.

ఆదివారమూ అదే తంతు.

"ఇక చాలండి, భుజం ఊడొస్తుంది," అంది పిన్ని. "ఇల్లంతా పెట్రోలు కంపు. ట్యాంకు మూత మీది మర నేను రోజూ బిగిస్తున్నా పోవట్లేదు."

బాబాయి చేతిలో తాడు ఆగిపోయింది. "ఏ మర?"

"అదే, ఆ చిన్నది. మీరెప్పుడూ వదులుగా వదిలేస్తారుగా."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ. లోపలికి గాలి పోయేది అందులోంచేనే. గాలి పోకపోతే పెట్రోలు కిందికెలా దిగుతుంది?"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. నూనె డబ్బా మూతైనా, అదైనా నాకొకటే."

బాబాయి నవ్వాపుకుంటూ మర వదులు చేసి, ఒక్క లాగు లాగారు. మోటారు గర్జించింది. డ్రమ్ములో నీళ్లు ఎగిరిపడి, దండెం మీద ఆరిన బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆయన కంగారుగా మోటారు ఆపబోయారు.

"ఆపకండి," అని అరిచింది పిన్ని. "బట్టలు మళ్లీ ఆరేసుకుంటాలే."