ఓబులేసుకు మేం చెప్పని మాట

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నన్ను జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరులోని ఒక డయాలసిస్ యూనిట్‌కు హెడ్ నర్సుగా పంపారు. ఎనిమిది మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు. ఒక్కొక్కరు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు పడుకోవాలి. కిడ్నీలు చేసే పనిలో మిషన్ చేయగలిగేది కొంతే. ఆ సంగతి రోగులకు చెప్పేవాళ్లు తక్కువ.

ఓబులేసుకు నలభై రెండేళ్లు. కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. షుగర్ వల్ల కిడ్నీలు పోయాయి. పెళ్లి కాలేదు. చక్రాయపేటలో సేద్యం చేసుకునే అక్క లక్ష్మీదేవి అతనికి తోడుగా వచ్చేది. మొదటి నెలలోనే ఆమె మా డాక్టరును అడిగింది.

"నా కిడ్నీ వానికిస్తా సార్. యాడికి పోవల్ల?"

షుగర్ ఉన్నవాళ్లకు మార్పిడి దండగనీ, కొత్త కిడ్నీ కూడా పాడవుతుందనీ, డయాలసిస్ మీదే ఉంచమనీ ఆయన తలెత్తకుండా చెప్పారు.

నేను పక్కనే ఉన్నాను. ఆ మాట తప్పని నాకు తెలుసు. షుగర్ ఉన్నా, ఒళ్లు ఆపరేషన్‌కు తట్టుకునే స్థితిలో ఉంటే, మార్పిడి చేయించుకున్నవాళ్లు మామూలుగా డయాలసిస్ మీద ఉన్నవాళ్లకంటే ఎక్కువ కాలం బతుకుతారు. ఆలస్యమయ్యేకొద్దీ గుండె, రక్తనాళాలు దెబ్బతిని ఆ దారి మూసుకుపోతుంది. రోగి ముందు డాక్టరు మాటకు అడ్డు చెప్పకూడదని నేర్చుకున్న సర్వీసు నాది. నోరు మెదపలేదు. కేస్ షీటులో 'మార్పిడి పరీక్షలకు పంపారా' అన్న గడి రెండేళ్లు ఖాళీగానే ఉంది.

చివరికి ఎవరో చెబితే లక్ష్మీదేవే తమ్ముణ్ని తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. తిరిగొచ్చి ఫైలు నా బల్ల మీద పెట్టింది.

"గుండె శానా దెబ్బతినిందంట. ఆపరేషన్‌కు తట్టుకోడంట. రెండేండ్ల ముందర తెచ్చింటే చూసేవాళ్లమన్నారు. షుగర్ ఉన్నా చేస్తారని నీకు తెలుసునా అక్కా?"

తెలుసన్నాను.

"తెలిసి ఏంటికి చెప్పల్యా?"

ఆమె కేకలు వేయలేదు. తమ్ముని చెయ్యి పట్టుకొని మంచం మీద పడుకోబెట్టింది. సూది గుచ్చింది నేనే.

ఆ మధ్యాహ్నం కేస్ షీటు తీసుకొని డాక్టరు గదికి వెళ్లాను. "మీ పని మిషన్లు చూసుకోవడం, సిస్టర్" అన్నారాయన. ఇకమీదట ఆ గడి ఆయన నింపకపోతే, ఎందుకు నింపలేదో కింద నేను రాస్తానన్నాను. వారంలో క్రమశిక్షణ తప్పానని పై ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. ఓబులేసు కేస్ షీటు నకలు జతచేసి జవాబు పంపాను. మళ్లీ ఎవరూ దాని గురించి అడగలేదు. డాక్టరును కూడా అడగలేదు.

ఓబులేసు ఆ ఎండాకాలం దాటలేదు.

తర్వాత ప్రతి కొత్త రోగికీ, ఇంటివాళ్లకూ మొదటి నెలలోనే కూర్చోబెట్టి చెప్పాను. వాళ్లలో కొందరే మార్పిడికి పనికొచ్చారు. పులివెందులలో బట్టల అంగడి ఉన్న ఒకామె, షుగర్ మనిషే, మొగుడిచ్చిన కిడ్నీతో ఈ రోజుకూ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటోంది.

రిటైరై నాలుగేళ్లయింది. డాక్టరు మీద కోపం పోలేదు, నా మీదా పోలేదు. రోగి తనకున్న దారులేవో మొదటి నెలలోనే తెలుసుకోవాలి. తెలిసిన వాళ్లలో ఎవరు చెప్పకపోయినా, ఆ తప్పులో వాళ్లకూ వాటా ఉంటుంది, హోదా ఏదైనా సరే.