ఇరుక్కున్న సీటుకు ఇరవై రెండు ప్రశ్నలు

“కూర్చునేటప్పుడు ముందు కుడి పిర్ర ఆనుతుందా, ఎడమ పిర్రా?”

“నేను వచ్చింది సీటు బాగుచేయించుకోడానికండీ.”

“అందుకే అడుగుతున్నా. మీరు నిలబడి వాడుకునే వస్తువైతే అడుగుతానా?”

అడిగింది మా బాబాయ్. నీళ్ళు నమిలింది రిటైరైన పోస్టుమాస్టరు గారు. పాత మోటారు పడవల్లో కదలకుండా ఇరుక్కుపోయిన సీట్లు బాగుచేయడం మా బాబాయ్ వృత్తి. సీటు కంటే ముందు మనిషిని విప్పడం ఆయన జబ్బు.

నిజానికి ఆ సీట్లలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కింద రెండు పట్టాలు, పక్కన ఓ మీట. మీట ఎత్తితే చీల గుంటలోంచి లేస్తుంది, సీటు ముందుకో వెనక్కో జరుగుతుంది. జరగలేదంటే తుప్పో, ఇసుకో, పట్టాలో పడిన చెత్తో. పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్న నాకే అది పావుగంట పని. బాబాయ్‌కి మాత్రం ఇరవై రెండు ప్రశ్నలు. అన్నీ అట్ట చిరిగిన నోటుబుక్కులో రాసుంటాయి. ఏ జేబులో ఏం పెట్టుకుంటారు? తిన్నాక కూర్చుంటారా, కూర్చున్నాక తింటారా? కోపమొస్తే వెనక్కి వాలతారా, ముందుకి దూకుతారా? ఇవన్నీ పూర్తయ్యేదాకా స్క్రూడ్రైవరు పెట్టెలోంచి బయటికి రాదు.

ఓసారి ఓ పళ్ళ డాక్టరు వచ్చాడు. పదిహేడో ప్రశ్నకి ఆయన తన చిన్నతనం దాకా వెళ్ళిపోయి, కళ్ళు తుడుచుకుని, తేలికపడ్డ మనసుతో ఇంటికి పోయాడు. పడవ తీసుకెళ్ళడం మరిచిపోయాడు. ఆ సీటుకి ఉన్న రోగమల్లా బోల్టు ఊడిపోవడం. అది మా కాళ్ళ దగ్గరే పడి ఉంది.

“బోల్టు కనబడుతూనే ఉంది గదా బాబాయ్?”

“బోల్టు ఎందుకు ఊడిందో కనబడిందా? ఆయన కాలు ఊపుతాడ్రా. ఎదుటివాడి నోరు తెరిపించేవాడికి తన నోరు తెరిచే చోటు లేదు పాపం.”

నేను వంగి ఆ బోల్టు ఏరుకున్నాను.

ఇక పోస్టుమాస్టరు గారి సంగతి. ఆయన పొడుగు మనిషి. మాట్లాడితే ప్రతి మాటకీ ముద్ర గుద్దినట్టుంటుంది. ఆయన సీటు పూర్తిగా ముందుకి జరిగి అక్కడే బిగుసుకుపోయింది. అందులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

“మీకంటే పొట్టివాళ్ళెవరైనా కూర్చుంటారా ఇందులో?” అది తొమ్మిదో ప్రశ్న.

“నా పడవ. నా సీటు. మా ఇంట్లో దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.”

“పోయిన నెల చెరువు మధ్యలో నాలుగు గంటలు ఆగిపోయారట?”

“పక్షులను పరిశీలించాం.”

ఊరంతటికీ తెలిసిన పక్షులవి. చెరువు మధ్యలో ఆయనకి నడుం పట్టేసింది. ఇంజను బాగానే ఉంది, పక్కనే భార్య ఉంది. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఆవిడని స్టీరింగు ముట్టుకోనివ్వలేదు గనక ఆయన మూలుగుతూ, ఆవిడ ఆయన్ని చూస్తూ, ఎండలో మగ్గిపోయారు. చివరికి చేపల పడవవాళ్ళు తాడేసి లాక్కొచ్చారు. ఒడ్డుకి చేరగానే ఆయన అన్న మొదటి మాట, “ఆడవాళ్ళకి ఇవి అర్థం కావు.”

బాబాయ్ సీటు కింద వేలు పెట్టి కెలికాడు. ఏదో తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మొహం గంభీరంగా పెట్టాడు.

“పెద్ద కేసేనండీ. మూడు వారాలు పడుతుంది.”

“మూడు వారాలా?”

“మనిషి ముప్ఫై ఏళ్ళు బిగుసుకుంటే సీటు మూడు వారాలు తీసుకోదా?”

అప్పట్నుంచి రోజూ పదింటికి పోస్టుమాస్టరు గారు షెడ్డుకి రావడం, బాబాయ్ నోటుబుక్కు తెరిచి ప్రశ్నలు వేయడం. నేనైతే సిగ్గుతో చచ్చిపోయాను. పంటి కింద రాయిలా ఆ సీటు నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంది. ఇరవయ్యో రోజు ఇక ఆగలేక, బాబాయ్ రాకముందే నేనే తేల్చేద్దామని నూనె డబ్బా, పట్టకారు పట్టుకుని పొద్దున్నే షెడ్డుకి పోయాను.

షెడ్డులో పడవ లేదు.

షెడ్డు వెనక రేవు చివర ముక్కాలి పీట మీద బాబాయ్ కూర్చుని ఉన్నాడు. చెరువులో పోస్టుమాస్టరు గారి పడవ, పరీక్ష కోసం నీళ్ళలో తేలగట్టిన ఎర్ర బుడగల చుట్టూ చక్కగా మలుపు తిరుగుతోంది. స్టీరింగు దగ్గర ఆయన భార్య. పక్క సీట్లో లైసెన్సు ఆఫీసరు, ఒళ్ళో కాగితాలు.

“సీటు ఎప్పుడు కదిలింది బాబాయ్?”

“మొదటిరోజే.” జేబులోంచి తీసి చూపించాడు. జడపిన్ను. “ఆయన నిద్ర లేవకముందు చెల్లెమ్మ తనంతట తనే నేర్చుకుంటోందట. వంగి సీటు ముందుకి లాక్కునేటప్పుడు ఇది జారి పట్టాలో పడింది. ఆయనకి దొరికుంటే పడవకి తాళం పడేది.”

“అయితే ఈ మూడు వారాలూ...”

“రోజూ పొద్దున్నే వచ్చేది. మలుపులు బాగా తిప్పుతుంది, ఒడ్డుకి ఆనించడమే కొంచెం గట్టిగా. లైసెన్సు చేతికొస్తే ఇక ఎవర్నీ అడగక్కర్లేదంది. ఈసారి ఆయనకి నడుం పడితే ఇంటికి తీసుకొచ్చేదెవరు, నువ్వా?”

నాకు ఇరవై రోజుల ప్రశ్నలూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. “మరి నాకు చెప్పచ్చుగా?”

“నీ మొహం మీద అన్నీ కనబడతాయిరా. నువ్వు నన్ను తిట్టుకుంటుంటేనే ఆయనకి నమ్మకం.”

అంతలో గేటు దగ్గర చేతికర్ర చప్పుడు. పోస్టుమాస్టరు గారు. ఇవాళ గంట ముందే వచ్చేశారు. గేటు దాటి షెడ్డు మలుపు తిరిగితే చెరువంతా కనబడుతుంది. పడవ ఇంకా ఒడ్డుకి ఆనించనేలేదు. ఆవిడకి కష్టమైంది అదొక్కటే. ఆ సమయంలో ఒడ్డు మీంచి ఒక్క కేక వినబడితే చాలు.

బాబాయ్ నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు.

“అరగంట చాలు. గేటు దగ్గరే బల్ల మీద కూర్చోబెట్టు.”

“అన్నీ నువ్వు అడిగేశావుగా బాబాయ్?”

“సెకండ్ ఒపీనియన్ అని చెప్పు. పెద్దమనుషులకి అదంటే మహా గౌరవం.” కళ్ళు పడవ మీంచి తిప్పకుండానే నా వీపు మీద చెయ్యేసి తోశాడు. “పో నాయనా. కుడి పిర్ర నుంచి మొదలుపెట్టు. తొందరపడకు.”