దీపాల వేళకి వస్తానంది

ఒక మాట కడుపులో పెట్టుకునే ముసలిదాన్నయ్యాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టి నీకు చెబుతున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. రాత తిన్నగా ఉండదు, ఓర్చుకో.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం గొడవలైన మరుసటేడు, విజయనగరంలో మా అత్త మంచం పట్టింది. ఒళ్లు తుడిచిందీ, గంజి పోసిందీ నేను. ఆవిడ కలవరించింది మాత్రం ఢిల్లీలో ఉన్న కూతురు సత్తెమ్మని. జబ్బు ముదిరాక టెలిగ్రాం కొట్టాం. మర్నాడు తెల్లవారుతూనే ప్రాణం పోయింది. మగవాళ్లు పాడె కట్టే వెదుళ్లకి వెళ్లారు. అప్పుడే వీధి చివర షావుకారు కొట్టుకి సత్తెమ్మ ఫోను చేసిందంటే నేనే వెళ్లాను.

సంగతి విని ఏడ్చింది. ఏడుస్తూనే, "అమ్మని తియ్యొద్దని అన్నయ్యకి సెప్పు వదినా. ఇమానమెక్కుతన్నాను. దీపాల ఏలకి ఇంట్లో ఉంతాను" అంది.

"ఢిల్లీ ఏటి, దీపాల ఏల ఏటి? రైలుకే రెండ్రాత్రులు పడతాది!"

"రైలు కాదొదినా. మద్దినేలకి హైదరాబాదు, అక్కణ్ణుంచి ఇంకో ఇమానంలో ఇశాపట్నం. మరిసిపోకు!"

మా ఇంట్లో తల్లి నోట్లో ముందుగా బియ్యం వేసేది కూతురే. చాకిరీ చేసింది నేను, గాల్లో ఎగిరొచ్చి ఆ బియ్యం వేసేది తనా? కొట్టు నుంచి ఇంటికి ఎంత దూరమని, ఆ కాస్తలోనే నా మనసు తిరిగిపోయింది. విమానం అంత వేగంగా రాదనుకున్నానా? లేదు. వస్తుందనే నమ్మాను. నమ్మాను కాబట్టే తొందరపడ్డాను.

"రైలెక్కుతాదంట. మూడో దినానికి గానీ రాదు" అన్నాను మా ఆయనతో.

"ఆగుదామే. ఐసు తెప్పిస్తాను. దాన్ని ఒక్కపాలి సూడనీ."

"పీనుగునెట్టుకుని మూడ్రోజులు కూకుంటావేటి? పొయ్యి ఎలిగించొద్దా? తియ్యండి!"

తీసేశారు. బియ్యం నేను వేశాను.

సత్తెమ్మ అన్న వేళకే వచ్చింది. తల్లిని పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతోంది. నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యకి సెప్పలేదా వదినా?" అంది.

"సెప్పేనమ్మా. మీ అన్నయ్యే ఇన్లేదు."

ఎందుకన్నాను? తప్పు ఒకటి చాలలేదా నాకు? పెరట్లో ఉన్న అన్నతో మాటైనా ఆడకుండా ఆ పిల్ల వచ్చిన టాక్సీలోనే వెళ్లిపోయింది. ఆయన బిత్తరపోయి, "రైలన్నావు కదే?" అన్నాడు. "మనసు మార్సుకున్నాదేమో" అన్నాను. అదీ నమ్మాడు.

ఆ తరువాత ఎన్ని కబుర్లు పంపినా సత్తెమ్మ రాలేదు. పైన విమానం చప్పుడైతే ఆయన తలెత్తేవాడు. "సత్తి ఓపాలి రాకూడదేటే?" అనేవాడు. నేను తలొంచుకుని బియ్యంలో రాళ్లు ఏరుకునేదాన్ని. అలా అడుగుతూనే పోయాడు. ఆయన్ని ఎత్తేరోజు కూడా తను రాలేదు. రమ్మని అడగడానికి నాకు నోరు లేదు.

సత్తెమ్మ ఇంకా ఢిల్లీలోనే ఉంది. క్షమిస్తుందని రాయడం లేదు. ఒకరైనా నిజం చదవాలి, అంతే. ఆగుదామన్నది ఆయన. తియ్యమన్నది నేను.