చెరుకు బండి పోతున్నా లేవని పిల్లాడు

చెరుకు బండి మా ఇంటి ముందునుంచి పోతున్నా సాయిలు అరుగు మీదనుంచి లేవలేదు. ఆరోజే నాకు తేడా అనిపించింది.

సాయిలంటే నా కొడుకు, మీ బాపని రాయి బిడ్డా, చదివేవాళ్లకు తెలియాలి కదా. అప్పుడు వాడిది పదో తరగతి. మాది కోటగిరి దగ్గర పల్లె. చెరుకు కొట్టే కాలంలో ఎడ్లబండ్లు వరసగా బోధన్ ఫ్యాక్టరీకి పోయేవి. పిల్లలు వెనకనుంచి గడలు గుంజుకునేవాళ్లు, బండివాళ్లు తిట్టేవాళ్లు. అందులో మీ బాపే మొనగాడు.

"గుంజుకోరాదురా" అన్నాను.

"గుంజుకొని ఏంజెయ్యాలె అవ్వా" అన్నాడు.

కూర బాగున్నా రెండు ముద్దలే తినేవాడు. బడి మానేశాడు. మీ తాత చెరుకు గడ విరిగేదాకా వీపు మీద కొట్టాడు. వాడు ఏడవలేదు, చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. దెబ్బలకంటే నాకు అదే భయమేసింది. గాలి సోకిందని మంత్రగాణ్ణి పిలిచారు. "ఇడుస్తవా, ఇడువవా" అని ఆ మంత్రగాడు కొరడాతో సాయిలు వీపు చీరేశాడు.

"లోపల ఎవ్వరు లేరు, నేనే ఉన్న" అన్నాడు సాయిలు.

కొట్టి లాభం లేదని తాత ఆశ పెట్టాడు. నిజామాబాద్ నుంచి కొత్త సైకిల్ తెచ్చాడు. సాయిలు బెల్లయినా కొట్టలేదు. "గింత పొగరా" అని తాత రోజూ తిట్టేవాడు. ఒక పొద్దున వాడు గొడ్డలి తీసుకుని సైకిల్‌ను నరికాడు. చువ్వలు ఎగిరి నా కాళ్ల దగ్గర పడ్డాయి. తాత కట్టె ఎత్తి వాడి తల మీద కొట్టడానికి ఉరికాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను, మణికట్టు విరిగింది. అది వంకరగానే అతికింది, అందుకే నేను చెప్తే నువ్వు రాస్తున్నావు.

నిజామాబాద్‌లో ఎక్స్‌రే చూసిన డాక్టరుకు జారిపడ్డానని చెప్పాను.

"జారిపడితే గిట్ల ఇరుగదమ్మా" అన్నాడు.

అంతా చెప్పేశాను. ఆయనే సాయిలును సైకియాట్రిస్ట్ డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమె బ్లడ్ టెస్టులు చేయించి, వాడితో ఒంటరిగా మాట్లాడి, తాతను పిలిచింది.

"ఇది డిప్రెషన్. మంచిది దొరికితే ఖుషీ అయ్యేది మెదడుల ఒకటుంటది, రివార్డ్ అంటం. మీ పిల్లగాడికి అది సరిగ్గ పనిజేస్తలేదు. సైకిల్ ఇచ్చినా గంతే. పొగరు గాదు."

"కొడితే?" అన్నాడు తాత.

"కొడితే ఉన్నది గూడ సస్తది."

టాబ్లెట్లతో వెంటనే గుణం రాలేదు. ముందు నోరెండింది, కడుపులో తిప్పింది. కాస్త తేరుకున్నాక మా ఆడబిడ్డ "పిచ్చిగోలీలు మింగెటోనికి పిల్లనెవరిస్తరు" అంది. ఆపేశాం. కొన్నాళ్లకే వాడు గోడకు తల బాదుకున్నాడు. నుదుటి మీద మచ్చ అదే. ఈసారి గోడకూ తలకూ మధ్య చెయ్యి పెట్టింది మీ తాత. వేళ్లు నలిగి నెత్తురు కారుతున్నా తియ్యలేదు. ఆ చేతికి గుడ్డ చుట్టుకుని వాణ్ణి మళ్లీ బస్సెక్కించాడు.

"ఖుషీ వచ్చినంక పనిజేస్తడని ఎదురుసూడకుండ్రి. చిన్న పని చేపియ్యండ్రి, ఖుషీ ఎనకొస్తది" అంది డాక్టరమ్మ. రోజూ ఎడ్లకు నీళ్లు పెట్టించాం.

మళ్లీ చెరుకు కాలమొచ్చింది. బయట బండివాడు అరుస్తున్నాడు. "ఎవని కొడుకురా ఈడు, గడలన్నీ గుంజుతుండు."

తాత ఉరికిపోయి బండివాడికి దండం పెట్టాడు. "నా కొడుకే అన్నా. ఇంకోటి గుంజుకోనియ్యి."

ఇప్పుడు మీ బాపు ట్రాక్టర్ మీద చెరుకు తోలుతున్నాడు. అప్పుడప్పుడు దిగులు వస్తుంది, తనే డాక్టరు దగ్గరికి పోతాడు. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పిల్లలు ఇష్టమైనదాన్ని కూడా వద్దంటుంటే కొట్టకండి, ఆశపెట్టకండి, డాక్టరుకు చూపించండి.

గడలు గుంజే పిల్లల్ని మీ బాపు కూడా తిడతాడు. అరుగు మీదనుంచి లేవని పిల్లాడు కనిపిస్తే మాత్రం ట్రాక్టర్ ఆపి దిగుతాడు.